కంచరగాడిద దగ్గర ప్రొబేషన్

ఉద్యోగం నుంచి దిగిపోయిన మూడో నెలలో నేనొక కంచరగాడిదను ఇంటికి తెచ్చుకున్నాను. బరువులు మోయించడానికి కాదు, ఎక్కి తిరగడానికి. రేపల్లె, చుండూరు, తెనాలి, బాపట్ల చుట్టుపక్కల ముప్పై మూడేళ్ళు పశువుల డాక్టరుగా పనిచేసిన మనిషిని. అరవై దాటాక, మోకాళ్ళ నొప్పులతో, చీర మానేసి పంజాబీ డ్రెస్సు వేసుకుని కంచరగాడిద ఎక్కుతానంటే చుట్టాలందరూ నాకేదో అయిందనుకున్నారు. మావారు మాత్రం ఏమీ అనుకోలేదు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇద్దరం ఎక్కొచ్చా, ఒక్కరే ఎక్కాలా?" అని అడిగారు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో, రిజిస్టర్లు ఎలా నింపాలో మీకు చెప్పడానికి ఆఫీసులో బోలెడంత మంది ఉంటారు. నేను చెప్పేది సర్వీసంతా కళ్ళ ముందు ఉన్నా నేను నేర్చుకోకుండా దాటేసిన ఒక సంగతి. రిటైరయ్యాక ఒక కంచరగాడిద నాకు మొదట్నుంచీ నేర్పింది. చెప్పాలంటే సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. సంతోషమే బాగా ఎక్కువ.

రేపల్లెలో పెద్ద డాక్టరు గారు, మస్తాను

నా మొదటి పోస్టింగు రేపల్లె ఆసుపత్రి. అక్కడి పెద్ద డాక్టరు గారు పనిలో గట్టి మనిషి. పొద్దున్నే ఎంత పెద్ద వరస ఉన్నా పదకొండుకల్లా ముగించేసేవారు. పశువును తోలుకొచ్చి ఇనుప బోనులో నిలబెట్టడం, తల బిగించి కట్టడం, సూది వెయ్యడం, "తరవాతది" అనడం. ఒకసారి నేనొక ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడితే, "అమ్మా, పశువుతో కబుర్లు పెట్టుకోకు. దానికి మన భాష రాదు, మనకి టైము లేదు" అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. ముసురు రోజుల్లో నడుం లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి గేదెకు పురుడు పోసొచ్చిన మనిషి. నా చేతివేగం ఆయన పెట్టిన భిక్షే. ఆ వేగం చూసుకుని నేను చాలా ఏళ్ళు మురిసిపోయాను.

అదే ఆసుపత్రిలో మస్తాను అని అటెండరు ఉండేవాడు. బోనులోకి తీసుకెళ్ళే ముందు ప్రతి పశువునూ ఒక పక్కన నిలబెట్టి, రెండు నిముషాలు గంగడోలు గోకేవాడు. "ఏంటి మస్తాను, ఆలస్యం?" అని నేను కేకేస్తే, "వస్తందండీ, అదే వస్తంది" అనేవాడు. నిజంగా అదే వచ్చేది. మిగతావాళ్ళు తెచ్చిన గొడ్లను నలుగురు నెట్టాలి. మస్తాను తెచ్చినవి నడిచి లోపలికెళ్ళేవి. మూడేళ్ళపాటు దీన్ని కళ్ళారా చూసి నేను తేల్చుకున్నది ఏంటంటే, మస్తానుకు బద్ధకం ఎక్కువ అని.

సూర్యలంకలో చెవి మెలిపెట్టిన రోజు

నా ఆఖరి పోస్టింగు బాపట్ల దగ్గర. రిటైరవడానికి కొన్ని నెలల ముందు సూర్యలంక నుంచి ఏడుకొండలు వచ్చాడు. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పడవ లాగుతూ భుజం జారితే వేట మానేసి, బీచికొచ్చే వాళ్ళను గుర్రమెక్కించి తిప్పుతూ బతుకుతున్నాడు. ఒక ముసలి గుర్రం ఉంది. దానికి తోడుగా ఎవరో బేరగాడి దగ్గర ఇంకోదాన్ని కొన్నాడు. దాని వెనక కాలికి ఇనుప తీగ గీసుకుపోయిందని నన్ను పిలిచాడు.

వెళ్ళి చూస్తే, నిగనిగలాడే గోధుమరంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు, చిన్న గిట్టలు, జానెడు చెవులు.

"ఇది గుర్రం కాదయ్యా, కంచరగాడిద. తల్లి గుర్రం, తండ్రి గాడిద" అన్నాను.

ఏడుకొండలు కాసేపు దానివంకే చూసి, "చెవులు కొంచెం పెద్దయ్యని నేనూ అనుకున్నానండి. వయసులో ఉంది కదా, ఒళ్ళు ఎదిగితే సరిపోతయ్యిలే అనుకున్నా" అన్నాడు. దానికి మెరుపు అని పేరు కూడా పెట్టుకున్నాడు పాపం.

పుండు కడిగి మందు రాశాను. ధనుర్వాతం సూది వెయ్యాలి. అది నిలబడటం లేదు. నాకు ఇంకా నాలుగు ఊళ్ళు తిరగాల్సి ఉంది. "ఇద్దరు పట్టుకోండి. చెవి మెలిపెట్టండి, కదలదు" అన్నాను. ఏడుకొండలూ పక్కనున్న ఇంకొకతనూ మెలిపెట్టారు. కదల్లేదు. అర నిముషంలో సూది అయిపోయింది. చెవి వదిలాక అది తల తిప్పి నావంక చూసింది. చెవి పట్టుకున్నవాళ్ళ వంక కాదు, నావంక. నేను బ్యాగు సర్దుకుని జీపెక్కేశాను.

రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఏడుకొండలు ఫోను చేశాడు. మెరుపు ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదట. ఇద్దరు కాలేజీ పిల్లల్ని ఇసకలో పడేసిందట. పైగా చూసినవాళ్ళంతా గాడిద, గాడిద అని నవ్వుతున్నారట. "వానలు వెళ్ళాక ఇటుకబట్టీ వాళ్ళకి ఇచ్చేస్తానండి. బట్టీలో అయితే ఎట్టాగైనా లొంగదీస్తారు" అన్నాడు. ఎట్టాగో నాకు తెలుసు. బట్టీల్లో గాడిదల వీపులు నేను చాలా కుట్టాను.

చదువుకునే రోజుల్లో మాకు గుర్రపు స్వారీ నేర్పారు. మా బ్యాచీలో నేనే బాగా చేసేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కూడా ఏ జంతువు మీదా కూర్చోలేదు. ఇవన్నీ ఆ నిముషంలో ఎక్కడినుంచి పైకొచ్చాయో తెలీదు. "నాకిచ్చెయ్యి, నేను ఎక్కుతా" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడం విని నేనే తెల్లబోయాను.

"మీరాండి?" అన్నాడు ఏడుకొండలు. ఆ పైన, "మీ మాట కూడా వినకపోతే చెప్పండమ్మా. బట్టీవాళ్ళని అప్పటిదాకా ఆగమంటాను" అన్నాడు.

వీపు తిప్పిన గురువు గారు

మాది కొలకలూరు. ఇంటి వెనక ఖాళీగా పడున్న గొడ్లసావిడి ఉంది. నేల శుభ్రం చేయించి, వరిగడ్డి పరిపించి, నీళ్ళ తొట్టి పెట్టించాను. మెరుపు చిన్న లారీలో వచ్చింది, కానీ దిగనంది. నేను ముందు నుంచి లాగాను, డ్రైవరు వెనక నుంచి అదిలించాడు. గంటన్నర అయ్యింది. మావారు వచ్చి, దిగడానికి లారీకి ఆనించిన బల్ల చివర కాస్త గడ్డి వేసి, "అందరం అన్నాలు తినొద్దాం రండి" అన్నారు. మేం పెరుగన్నంలోకి వచ్చేసరికి అది దానంతటదే దిగి సావిడిలో నిలబడి ఉంది.

మర్నాడు తెల్లారగట్ట మెరుపు నోరు విప్పింది. కంచరగాడిద కూత ఎప్పుడైనా విన్నారా? గుర్రంలా సకిలింపుతో మొదలై, మధ్యలో మనసు మార్చుకుని గాడిదగా ముగుస్తుంది. వీధి వీధంతా లేచి కూర్చుంది. నేను పరుగెత్తుకుంటూ సావిడిలోకి వెళ్ళాను. నన్ను చూసీ చూడగానే చెవులు వెనక్కి వాల్చి, గోడవైపు తిరిగి, రెండు వెనక కాళ్ళూ నాకు చూపించింది. ఇంకొక అడుగు వేశాను. ఒక గిట్ట పైకి లేచింది. నేను బయటికొచ్చేశాను.

నాలుగు రోజులు ఇదే తంతు. అది అటు తిరిగి ఉన్నప్పుడు నేను గడ్డి వేసి రావడం, అది నా నీడ కనబడితే చాలు వీపు తిప్పడం. పశువైద్యంలో పట్టా ఉన్నది నాకు. మావారికి ఆవుకీ ఎద్దుకీ తేడా కూడా ఒక్కొక్కప్పుడు అనుమానమే. ఆయన పొద్దున్నే సావిడి నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు పైకి చదువుకుంటారు. ఐదో రోజు కాఫీకి లోపలికొచ్చినప్పుడు చూస్తే ఆయన చొక్కా భుజమంతా తడి.

"ఏంటిది?"

"మెరుపమ్మ నాకింది. సినిమా పేజీ దగ్గరికి వచ్చినప్పుడు" అన్నారు, అదేమంత విశేషం కానట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సర్వీసులో ఎప్పుడూ ఏ కొలీగును చూసి పడనంత అసూయ పడ్డాను.

దానికి అందరి మీదా కోపం ఉంటే అర్థముంది. మా ఇంట్లో నా ఒక్కదాని మీదే ఎందుకు? సావిడి గుంజకు నా పాత బ్యాగు వేలాడుతోంది. దాంట్లో స్పిరిటు వాసన ఇంకా పోలేదు. దాన్ని తీసి అటకెక్కించాను. సబ్బు మార్చాను. మావారి చొక్కా, టోపీ వేసుకుని, ఆయనలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వెళ్ళాను. మెరుపు నా చొక్కా వాసన చూసింది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. నెమ్మదిగా వీపు తిప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది సూర్యలంక. చెవి పట్టుకున్నది వేరేవాళ్ళే, కానీ ఆ మాట అన్నది నేను. అది నా గొంతును, నా ముఖాన్ని గుర్తు పెట్టుకుంది. ముప్పై మూడేళ్ళలో ఇలా ఎన్ని గొడ్లు నా ముఖాన్ని గుర్తు పెట్టుకుని ఉంటాయో. వాటి దగ్గరికి నేను రెండోసారి వెళ్ళాల్సిన అవసరం పడలేదు కాబట్టి నాకు తెలీలేదు, అంతే.

రాత్రి అన్నం దగ్గర మావారితో చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుకోవడం పూర్తి చేశారు. తర్వాత, "నేనొకసారి తప్పుగా ఒక పిల్లాణ్ణి కొట్టాను. చేసింది వాడు కాదని తర్వాత తెలిసింది. పిలిచి సారీ చెబితే వాడు ఇంకా బెదిరిపోయాడు. ఇక పిలవడం మానేసి రోజూ మధ్యాహ్నం వాడు అన్నం తినే అరుగు చివర నా క్యారేజీ పెట్టుకుని తినేవాణ్ణి. వాడివంక చూసేవాణ్ణి కాదు. పదిహేను రోజులు పట్టింది" అన్నారు.

"తర్వాత?"

"ఒక రోజు నా క్యారేజీలో ఏం కూరో అడిగాడు."

గోంగూర ఒలుచుకుంటూ

ఆ మర్నాటి నుంచి నేను చిన్న పీట పట్టుకెళ్ళి, మెరుపుకు వీపు పెట్టి, దూరంగా కూర్చుని గోంగూర ఒలిచేదాన్ని. గోంగూర లేకపోతే చిక్కుళ్ళు. దానివంక చూడటం లేదు, పిలవడం లేదు, చేత్తో బెల్లం చూపించడం లేదు. అది బెదరకముందే లేచి వచ్చేసేదాన్ని. ఇది చాలా ముఖ్యం, గుర్తు పెట్టుకోండి. మనం ఉన్నంతసేపు కాదు, మనం వెళ్ళిపోయే క్షణాన్ని పశువు లెక్కేసుకుంటుంది. దానికి విసుగు పుట్టాక వెళితే, విసుక్కుంటే వెళతారన్నమాట అని నేర్చుకుంటుంది. హాయిగా ఉన్నప్పుడు లేచి వెళితే, మళ్ళీ ఎప్పుడొస్తారా అని చూస్తుంది.

పదకొండో రోజున నా మెడ మీద వెచ్చటి గాలి తగిలింది. నేను కదల్లేదు. గడ్డి వాసన. రెండు ముక్కుపుటాలు నా జడ మొదట్లో ఏదో వెతికాయి. ఆ తర్వాత నా ఒళ్ళో పళ్ళెం లోంచి గోంగూర కట్టంతా లాగేసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నేను నెమ్మదిగా లేచి, నెమ్మదిగా నడిచి, వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకుని గెంతాను. మోకాళ్ళ సంగతి మర్చిపోయి గెంతాను. మావారు తలుపు తట్టి, "బొద్దింకా?" అని అడిగారు.

తర్వాతంతా ఒక్కొక్క అంగుళం. భుజం మీద మూడుసార్లు గోకి చెయ్యి తీసెయ్యడం. అది మళ్ళీ భుజం ముందుకు పెడితే ఇంకో మూడు. మెడ, వీపు, కాళ్ళు. గిట్ట ఎత్తించి వెంటనే వదిలెయ్యడం. ఊళ్ళోవాళ్ళు ప్రేమగా బుట్టలతో తవుడు తెచ్చేవాళ్ళు. వద్దని దణ్ణం పెట్టేదాన్ని. కంచరగాడిదకు బలమైన తిండి ఎక్కువైతే గిట్టలు పాడవుతాయి. గడ్డి, నీళ్ళు, పని, అంతే దానికి కావలసింది. చెవుల జోలికి మాత్రం నేను వెళ్ళలేదు. ఒక రోజు గోకించుకుంటూ గోకించుకుంటూ అదే తల వంచి, ఎడం చెవి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆ చెవిని పట్టుకోలేదు. అరచెయ్యి అలా తెరిచి ఉంచాను. 

స్వాతికి నలభై నిముషాలు

ధనుర్వాతం టీకా మళ్ళీ వేయించాల్సిన వేళయ్యింది. దాని ముందు నేను మళ్ళీ సూది పట్టుకోదలచుకోలేదు. తెనాలి పశువుల ఆసుపత్రి నుంచి కొత్త డాక్టరు స్వాతి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. చురుకైన పిల్ల. వెంట ఇద్దరు మనుషులు, ఒక తాడు.

"మేడమ్, చెవి పట్టుకోమంటారా?" అంది. నేను ఎలా అడిగేదాన్నో అచ్చం అలాగే.

"వాళ్ళను బయట టీ తాగమను. నువ్వు ఆ పీట మీద కూర్చో" అన్నాను.

"నాకింకా పదిహేను కేసులున్నాయి మేడమ్."

"నాకూ ఉండేవి. కూర్చోమ్మా."

నేను మెరుపు మెడ గోకుతూ ఉన్నాను. స్వాతి సూది లేకుండా ఉత్త చేత్తో వచ్చి ముట్టుకుని వెళ్ళింది. ఇంకోసారి చర్మం చిటికెడు పట్టుకుని వదిలింది. అలా ఏడెనిమిది సార్లు. ఆఖరికి సూది దిగినప్పుడు మెరుపు చర్మం ఒక్కసారి ఈగ వాలినట్టు అదిరింది. అంతే. గడ్డి నములుతూనే ఉంది. గడియారం చూస్తే నలభై నిముషాలు.

స్వాతి నవ్వుతూనే నిలదీసింది. "ప్రతి గొడ్డుకీ నలభై నిముషాలు పెడితే నా ఉద్యోగం ఉంటుందా మేడమ్?"

ఉండదు. ఆమె అన్నది నిజం. మీకు తీరిక ఉన్నట్టు నటించమని నేను చెప్పను. ప్రాణం పోయే కేసులో కట్టెయ్యండి, పట్టుకోండి, సూది వెయ్యండి. కానీ మిగతావాటికి రెండు నిముషాలు ఇవ్వగలరు. మస్తాను రెండు నిముషాలే ఇచ్చేవాడు. నేను అతన్ని బద్ధకస్తుడనుకున్నాను. మా ఆసుపత్రిలో అందరికన్నా మంచి పనివాడు అతనేనని అతనితో ఒక్కసారైనా అనలేకపోయాను. ఇప్పుడతను లేడు. ఇదంతా స్వాతికి చెప్పాను. వెళ్ళేటప్పుడు తాడు జీపులో వెనక్కి విసిరేసి, మెరుపు మెడ ఇంకోసారి గోకి వెళ్ళింది.

ఎక్కాను

ముందు గోనెసంచి వేశాం, తర్వాత దుప్పటి, తర్వాత ఏడుకొండలు పంపించిన జీను. పొట్ట కింద పట్టీ ఒక్కో రంధ్రమే బిగించుకుంటూ వారం రోజులు. ఒక పొద్దున మావారు వంటింటి స్టూలు తెచ్చి పక్కన పెట్టి, మెరుపు ముందు నిలబడి పేపరు చదవడం మొదలెట్టారు. నేను స్టూలెక్కి జీను మీద బోర్లా ఒరిగాను. ఏమీ కాలేదు. దిగాను. మళ్ళీ ఒరిగాను. మూడోసారి కాలు అటు వేసేశాను.

కూర్చున్నాను. మా సావిడి కప్పుకు వేలాడే ఎప్పటిదో పాత బూజు నా ముక్కుకు తగులుతోంది. మెరుపు తల వెనక్కి తిప్పి నా చెప్పు వాసన చూసి, ఓహో నువ్వేనా అన్నట్టు, మూడడుగులు నడిచి గాడిలో గడ్డి తినడం మొదలెట్టింది. అదే నా మొదటి స్వారీ. మూడడుగులు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే జీను ఊగుతోంది, ఊగుతుంటే ఇంకా నవ్వొస్తోంది. మావారు పేపరు మడిచి, "వార్తలు అంత బాగున్నాయా?" అన్నారు.

వానలు వెళ్ళాక ఏడుకొండలు వచ్చాడు. బట్టీవాళ్ళు కబురు మీద కబురు పెడుతున్నారట. అతన్ని చూడగానే మెరుపు చెవులు వాలిపోయాయి. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. అది నా భుజం మీదుగా తల చాపి అతన్ని చూస్తోంది. వీపు తిప్పలేదు, నా వెనక నిలబడింది.

ఏడుకొండలు గుమ్మంలోనే ఆగిపోయాడు. "నన్ను మర్చిపోలేదండి" అన్నాడు నేల చూస్తూ.

"తప్పు నాదయ్యా. నేనే పట్టుకోమన్నాను."

"పట్టుకున్నది మేవేగా." తలెత్తి దానివంక చూసి, "బట్టీవాళ్ళకి లేదని చెప్పేస్తానండి" అన్నాడు. ఆ సాయంత్రం దాకా మా అరుగు మీదే కూర్చుని దాన్ని చూసి వెళ్ళాడు.

కాలవ గట్టు మీద

ఇప్పుడు రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద వెళ్తాం. మొదటిసారి గట్టు దాకా వెళ్ళిన రోజున తూము దగ్గర మెరుపు ఆగిపోయింది. పొలాల నుంచి వస్తున్న ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "కొట్టండమ్మా" అని ఒకామె, "దిగి లాగండి పిన్నిగారూ" అని ఒకామె. నేను కళ్ళెం వదులుగా పెట్టి కూర్చున్నాను. అది నీళ్ళను చూసింది, తూము అంచును చూసింది, ఆడవాళ్ళ తలల మీది మోపులను చూసింది. ఎంతసేపు చూసిందో తెలీదు. చూడటం అయిపోయాక దానంతటదే దాటింది. దాటడమే కాదు, అవతలికి వెళ్ళగానే పరుగందుకుంది. నా చున్నీ ఎటో ఎగిరిపోయింది. వెనక ఆడవాళ్ళ నవ్వులు. అరవై ఏళ్ళ మనిషిని, గట్టు మీద గాలిలో, నోరంతా తెరిచి నవ్వుకుంటూ పోతున్నాను.

పక్క ఊరి మొదట్లో మెరుపు నెమ్మదించింది. అక్కడ వాకిట్లో గడ్డి వాము సర్దుతున్న రైతు నన్ను గుర్తుపట్టాడు. ఎప్పుడో వాళ్ళింటికి వైద్యానికి వెళ్ళి ఉంటాను.

"డాక్టరమ్మ గారా? ఎవరి గొడ్డుకండి?" అన్నాడు కంగారుగా.

ఆ దారుల్లో ముప్పై మూడేళ్ళు తిరిగాను. ఏదో ఒక గొడ్డు ప్రాణం మీదికి వస్తే తప్ప ఎప్పుడూ రాలేదు.

"ఎవరి గొడ్డుకీ కాదయ్యా. ఊరికే వచ్చాను."

"ఊరికేనాండి?"

"ఊరికేనయ్యా."

అతను తల గోక్కుని, కండువాతో చేతులు తుడుచుకుని, "అయితే మా గేదెను చూసెళ్ళండి" అన్నాడు.

"ఏమైంది దానికి?"

"ఏం కాలేదండి. బాగుంది. మొన్న ఈనింది. మీరూ ఊరికే చూడండి."

దిగాను. వేపచెట్టు కింద గేదె నెమరు వేస్తూ పడుకుని ఉంది. పక్కన దూడ, ఇంకా కాళ్ళు కుదురుగా నిలవక ఊగుతూ ఉంది. నా చేతిలో బ్యాగు లేదు. జ్వరం చూడక్కర్లేదు, పొదుగు నొక్కక్కర్లేదు. రైతూ నేనూ మెరుపూ వరసగా నిలబడి దాన్ని అలా చూశాం. గేదె మావంక ఒకసారి చూసి, మళ్ళీ నెమరు వేసుకుంది.

"ఎట్టా ఉందండి?" అన్నాడు రైతు.

"చాలా బాగుందయ్యా" అన్నాను.